పెద్దాయన పేరుతో

గోడ మీది తెరపై ఒక మెయిలు వేసి, ఇందులో మోసం గుర్తులు ఎన్ని ఉన్నాయో చెప్పమన్నారు మా కంప్యూటర్లకి కాపలాగా వచ్చిన మాస్టారు. మా ఆఫీసు మొత్తం ఉత్సాహంగా చేతులెత్తి ఆయన నేర్పిన ఆరింటికి ఐదు లెక్కపెట్టింది. గోడౌన్ చూసే బాబాయి అయితే లేచి నిలబడి, "ఇలాంటి వెధవల్ని తీసుకెళ్ళి లోపలెయ్యాలి" అన్నాడు కూడా. ఆ మెయిలు రాసింది నేను.

మేం అల్యూమినియం నిచ్చెనలు చేసి అమ్ముతాం. ఆ మెయిలు ఒక హాస్పిటల్ స్టోర్స్ ఆవిడకి వెళ్ళాల్సింది. పంపేముందు ఎలా కనబడుతుందో చూసుకుందామని ఇంట్లో వాడే అడ్రసు నుంచి ఆఫీసుకి నాకు నేనే ఒక కాపీ పంపుకున్నాను. దొంగ మెయిళ్ళని ఆపడానికి మాస్టారు పెట్టిన జల్లెడ దాన్ని మధ్యలోనే పట్టేసింది. ఎవరో దొంగ మా మీదికి వదిలాడనుకుని, పైన పేరు చెరిపి, ఆయన దాన్ని పాఠం చేసేశారు. అందులో నేనేం రాశానో చెబుతాను. "అమ్మా, మీ వార్డులో లైటు పోతే మీ మనిషి కుర్చీ మీద స్టూలు వేసుకుని ఎక్కుతున్నాడు కదా. ఆ స్టూలు పట్టుకోవడానికి ఎవరున్నారు?" అని మొదలుపెట్టాను. ఈ శుక్రవారంలోపు ఒక్క మాట చెబితే మా మనిషే నిచ్చెన తెచ్చి, తనే ఎక్కి చూపించి వెళతాడని రాశాను. బొమ్మల ఫైలు జతచేసి, కింద బొత్తాం పెట్టాను.

"చూశారా, మొదటి లైన్లోనే భయపెట్టాడు," అన్నారు మాస్టారు. "తర్వాత గడువు పెట్టాడు. తెలిసినవాడిలా 'అమ్మా' అన్నాడు. ఫైలు తగిలించి, బొత్తాం నొక్కమన్నాడు. అడ్రసు చూస్తే ఊరూ పేరూ లేనిది. ఎవరికీ చెప్పొద్దు అని ఒక్క ముక్క రాసుంటే ఆరూ పూర్తయ్యేవి."

అందరితో పాటు నేనూ నవ్వాను. ఒళ్ళు మండిపోతోంది. అమ్మకం మెయిలు అలాగే రాయాలండీ! మన సరుకు గొప్పతనంతో మొదలుపెడితే ఎవడూ చదవడు. చదివేవాళ్ళ ఇబ్బందితో మొదలుపెట్టాలి, ఒక మెయిల్లో ఒక్కటే కోరిక కోరాలి, ఎప్పటిలోగానో చెప్పాలి. ఇది నాకు ఎవరూ నేర్పలేదు, తొమ్మిదేళ్ళుగా రాసి రాసి తెలుసుకున్నాను. ఇప్పుడు దొంగలు కూడా ఇవే పట్టుకున్నారంటే తప్పు నాదా? ఆలోచించిన కొద్దీ నాకే అయోమయంగా ఉంది. నేను దొంగలా రాస్తున్నానా, దొంగ నాలా రాస్తున్నాడా?

ఈ మాస్టారు రావడానికి కారణం బాబాయే. మూడు నెలల క్రితం "మీ పార్సిల్ ఆగిపోయింది, ఇక్కడ నొక్కండి" అని ఒక మెయిలు వస్తే నొక్కేశాడు. పొద్దస్తమానం పార్సిళ్ళు పంపే మనిషి, ఆగిపోయిందంటే ఊరుకుంటాడా? రెండు రోజులు కంప్యూటర్లన్నీ బిగుసుకుపోయాయి. దాంతో మా పెద్దాయన కొడుకు ఈయన్ని పిలిపించాడు. మేం ఆ కొడుకుని బాబు అంటాం. మాస్టారు ప్రతి టేబుల్ మీదా ఆరు గుర్తుల అట్ట ఒకటి అంటించారు. మమ్మల్ని పట్టుకోవడానికి తనే దొంగ మెయిళ్ళు పంపేవారు. అనుమానించి చెబితే పచ్చకార్డు, మోసపోతే ఎర్రకార్డు.

నాకు ఒక ఎర్రకార్డు వచ్చింది. "టైపిస్టక్కా, మీ కుర్చీ మార్చమని అడిగారుగా, రంగు ఎంచుకోండి" అని మెయిలు. నడుం నొప్పితో రెండేళ్ళుగా అడుగుతున్న కుర్చీ అది. నీలం నొక్కాను. తెర నిండా ఎర్రగా వచ్చింది. ఇలాంటి మనుషుల్ని ఏమనాలి?

టైపిస్టక్క అంటే నేనే. నాకంటే పదేళ్ళు పెద్ద అయిన బాబాయి కూడా అలాగే పిలుస్తాడు. కాయితం మీద నా ఉద్యోగం పెద్దాయన చెప్పింది టైపు చెయ్యడం. నిజానికి ఆయన చెప్పేదేమీ ఉండదు. ఎదురుగా కూర్చుంటే ఆయన మాటలతో కోటలు కట్టగలరు. రాయమంటే మాత్రం "నమస్కారం" దగ్గరే చెమటలు పట్టేస్తాయి. నేను చేరిన మొదటి నెలలో "ఆ స్టోర్స్ ఆవిడకి ఏదో ఒకటి మంచిగా రాయమ్మాయ్" అని తన పేరు నాకు వదిలేశారు. రాశాను. ఆవిడ ఫోన్ చేసి, "ఇంత చక్కగా రాస్తారని తెలీదండీ" అంది. ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, "ఏదో మీ అభిమానం. నేనే రాశాను" అన్నారు.

ఫోన్ పెట్టేశాక తలొంచుకుని, "మనిద్దరి మధ్యే ఉండనీ అమ్మాయ్" అన్నారు. సరేనన్నాను. అప్పుడు నాకు సరదాగానే ఉండింది. అప్పట్నుంచీ ఆయన పేరుతో వెళ్ళిన ప్రతి ముక్కా నాదే. కొనేవాళ్ళకి రాసినవి, మా ఆఫీసువాళ్ళ బాగోగులు అడిగినవి, కోపగించుకున్నవాళ్ళకి సర్దిచెప్పినవి, ఎవరైనా పోతే ఓదార్చినవి, అన్నీ. ఎవరు మెచ్చుకున్నా ఆయన నోటి నుంచి "నేనే రాశాను" అని ఆవులింత వచ్చినంత సులువుగా వచ్చేసేది. పాపం అది అబద్ధమని కూడా ఆయనకి తోచేది కాదు.

చిక్కంతా ఆయన కంటి ఆపరేషన్‌తో వచ్చింది. మూడు వారాలు తెర వైపు చూడకూడదన్నారు డాక్టర్లు. ఇంట్లో ఒక నర్సును పెట్టారు. శుక్రవారం నుంచి ఆఫీసు పూర్తిగా బాబుది. బాబు నన్ను పిలిచి, చాలా మర్యాదగా, "ఉత్తరాలకి ఒక మెషిన్ వస్తోందక్కా. నాన్నగారి పాత మెయిళ్ళు చూపిస్తే అచ్చం ఆయనలాగే రాస్తుందట. ఇక టైపింగ్ పనేం ఉండదు" అన్నాడు. టేబుల్ మీద 'టైపిస్టక్కకి' అని రాసిన కవరు కూడా ఉంది, పనిలోంచి తీసేసే ఉత్తరం, ఇంకా సంతకం పెట్టలేదు.

మా ఆయన బేకరీలో పొయ్యి దగ్గర పనిచేసేవాడు. నడుం పట్టేసి ఆర్నెల్లుగా ఇంట్లోనే ఉన్నాడు. అమ్మాయి నర్సింగ్ రెండో ఏడు. నలభై ఎనిమిదేళ్ళ టైపిస్టుని ఎవరు పెట్టుకుంటారు? ఆపరేషన్ ముందురోజు పెద్దాయన దగ్గరికి వెళ్ళి సిగ్గు విడిచి అడిగాను. "ఆ మెయిళ్ళు నావని బాబుకి ఒక్క మాట చెప్పండి. లేకపోతే నా ఉద్యోగం పోతుంది." ఆయన నా చెయ్యి పట్టుకుని, "శుక్రవారంలోపు చెబుతానమ్మాయ్" అన్నారు. నేను ఆ మాట పట్టుకుని రోజులు లెక్కపెడుతున్నాను.

ఈలోగా ఆరు గుర్తులూ తగలకుండా అమ్మకం మెయిళ్ళు రాయడం మొదలుపెట్టాను. భయపెట్టకూడదు, పిలవకూడదు, గడువు చెప్పకూడదు, నొక్కమనకూడదు. అవన్నీ తీసేశాక మిగిలింది ఇది: "మా దగ్గర నిచ్చెనలు ఉన్నాయి. పైకి ఎక్కడానికి వాడవచ్చు." జల్లెడ సుఖంగా వదిలింది. మర్నాడు స్టోర్స్ ఆవిడ కంగారుగా ఫోన్ చేసింది. "పెద్దాయనకి ఆపరేషన్ సరిగ్గా అవ్వలేదా అండీ? ఆ మెయిలు చదివితే నాకు గుండె ఆగినంత పనయింది."

గురువారం పొద్దున్న తొమ్మిదిన్నరకి నాకొక మెయిలు వచ్చింది. అడ్రసులో ఎవరిదో తెలియని పేరు, వెనక నాలుగు అంకెలు. లోపల ఉన్నది ఇంతే: "అమ్మాయ్ నేనే. కింద ఫైలు వెంటనే నొక్కు. నువ్వు విని బాబుకి వినిపించు. సాయంత్రం నాలుగులోపు. ఇంకెవరికీ చెప్పకు." సగం అక్షరాలు ఎగిరిపోయాయి, మాటకీ మాటకీ మధ్య ఖాళీ లేదు. అట్ట తీసి పక్కన పెట్టుకుని చూశాను. తొందర ఉంది, నాలుగులోపు అన్న భయమూ ఉంది. చనువుంది, ఫైలుంది, అడ్రసు తెలియనిది, ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఆరింటికి ఆరు!

"అమ్మాయ్" అన్న పిలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాను, ఆ మాట దాచను. ఆయన తప్ప నన్నలా ఎవరూ పిలవరు. కానీ కుర్చీ సంగతి తెలిసిన మాస్టారికి ఆ పిలుపు తెలియకుండా ఉంటుందా? ఇంకో ఎర్రకార్డు పడితే ఆ కవరు మీద సంతకం పడడం ఖాయం. ఇంకో సంగతి, పెద్దాయన సొంతంగా రాస్తే ఎలా ఉంటుందో తొమ్మిదేళ్ళలో నేనొక్కసారీ చూడలేదు. 'అనుమానం' అన్న బొత్తాం నొక్కేశాను.

మాస్టారు స్వయంగా వచ్చారు. అది తన పరీక్ష కాదనీ, బయటి నుంచి వచ్చిన అసలు సిసలు దొంగ మెయిలనీ, ఇంత ముతకది తన సర్వీసులో చూడలేదనీ అన్నారు. "ఆ ఫైలు తెరిచి ఉంటే కొంప మునిగేది. మూలాలతో సహా తుడిచేశాను, ఇక ఎవరు తీద్దామన్నా రాదు." పచ్చకార్డు ఇచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. బాబు గదిలోంచి తల బయటపెట్టి "శభాష్ అక్కా" అన్నాడు. చాలాకాలం తర్వాత టిఫిన్ డబ్బా మొత్తం ఖాళీ చేశాను.

మధ్యాహ్నం రెండింటికి బాబాయికీ బాబుకీ కలిపి ఇంకో మెయిలు వచ్చింది. ఇది పెద్దాయన సొంత అడ్రసు నుంచి వచ్చింది. బాబాయి అందరినీ పిలిచి గట్టిగా చదివాడు. "బాబాయ్, మోకాలు ఎలా ఉంది? మెట్లెక్కేటప్పుడు తొందరపడకు, మనం అమ్మే నిచ్చెనలకి ఉన్న ఓపిక మనకీ ఉండాలి. కళ్ళు మూసుకుని పడుకుంటే మనవాళ్ళందరూ గుర్తొస్తున్నారు. మన దగ్గర కొనేవాళ్ళ జాబితా, ఫోన్ నంబర్లతో సహా, కింద రాసిన అడ్రసుకి పంపించు. అందరినీ ఒకసారి పలకరించాలనుంది. తొందరేం లేదు, టీ తాగాకే పంపు."

బాబాయి కళ్ళు తుడుచుకున్నాడు. "ఆయన కళ్ళు బాగాలేకపోయినా నా మోకాలు అడిగాడు చూడు, అదీ మనిషంటే." మాస్టారు అట్ట పట్టుకుని ఒక్కొక్కటే చూశారు. తొందర లేదు, భయం లేదు. బొత్తాం లేదు, ఫైలు లేదు. రహస్యం లేదు, అందరి ముందూ చదవొచ్చు. అడ్రసు ఆయనదే. చనువు ఉందిగానీ ఆయన చనువు ఆయనకి ఉండదా? "ఆరింటికి సున్నా," అన్నారు మాస్టారు. "అసలైన మెయిలంటే ఇలా ఉంటుంది. పొద్దున్న అక్కకి వచ్చిందీ, ఇదీ పక్కపక్కన పెట్టి పాఠం చెప్పొచ్చు."

ఆ మెయిలు నాలాగే ఉంది. మోకాలు అడగడం నాది. నిచ్చెన ఓపిక అన్న మాట కిందటేడు ఎవరికో నేనే రాశాను. చివర్లో "టీ తాగాకే" అని తేలిగ్గా ముగించడం కూడా నాదే. కానీ ఇది నేను రాయలేదు. రాయలేదా? నేను పంపినవన్నీ తెరిచి మొదటి నుంచీ చూసుకున్నాను. మతిగానీ పోయిందా అని బాత్రూంలోకి వెళ్ళి మొహం కడుక్కున్నాను. బాబు చెప్పిన మెషిన్ అప్పుడే వచ్చేసిందా? లేక ఇదీ మాస్టారి పరీక్షేనా?

ఆయన్ని పక్కకి పిలిచి అడిగాను. "ఇది మీ పరీక్షా మాస్టారూ?"

"పరీక్షని ముందే చెబితే అదేం పరీక్షండీ?" అన్నారాయన.

"అయితే పరీక్షేనా?"

"కాదంటున్నాను కదా."

"అనలేదండీ."

ఆయన నన్ను జాలిగా చూసి వెళ్ళిపోయారు. నేను వచ్చేసరికి బాబాయి టీ తాగడం కూడా అయిపోయింది. జాబితా తీసి, అడ్రసు కొట్టి, పంపడానికి వేలు ఎత్తాడు. స్టోర్స్ ఆవిడ, లైబ్రరీ ఆయన, తొమ్మిదేళ్ళుగా నా మాట నమ్మి జవాబులిచ్చిన వాళ్ళందరూ అందులో ఉన్నారు. రేపు ఎవడో వాళ్ళకి ఇదే గొంతుతో రాస్తే, ఏం అడిగితే అది ఇచ్చేస్తారు. నేను వెళ్ళి కీబోర్డు మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"ఇది పెద్దాయన మెయిలు కాదు బాబాయ్."

"నీకెలా తెలుసే?"

చెబితే మాట తప్పినట్టు. పైగా రేపు ఉద్యోగం పోతుందని తెలిసిన మనిషి, ఈరోజు లేచి ఆయన రాసినవన్నీ నావే అంటే ఎవరు నమ్ముతారు? అయినా అనేశాను. "ఎందుకంటే ఇది నేను రాయలేదు. ఆయన పేరుతో వెళ్ళేవన్నీ నేనే రాస్తాను."

ఎవరూ నవ్వలేదు, నవ్వినా బాగుండేది. బాబాయి నా చెయ్యి మెల్లగా తీసి పక్కన పెట్టాడు. బాబు మొహం ఎర్రబడింది. "ఉద్యోగం కోసం ఇంత మాట అనాలా అక్కా? సరే, ఆయన్నే అడుగుదాం." నర్సుకి ఫోన్ చేసి, పెద్దాయనకి ఇమ్మని, అందరికీ వినపడేలా టేబుల్ మీద పెట్టాడు. మెయిలు మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాడు. "ఇది మీరు రాశారా నాన్నా?"

"బావుందిరా," అన్నారు పెద్దాయన. ఆ గొంతులో మురిపెం నాకు బాగా తెలుసు. "నేనే రాశాను."

ఆయన్ని ఏమనాలి? ఇన్నేళ్ళుగా అలాంటి ఉత్తరం ఎవరు చదివి వినిపించినా ఆయన జవాబు అదే. ఆయన కళ్ళు మూసుకుని పడుకున్నారు, ఇది నేనే ఏదో అవసరానికి రాసి ఉంటాననుకున్నారు. నా రహస్యాన్ని నా కోసమే కాపాడుతున్నాననుకున్నారు. బాబు నా వైపు చూసిన చూపుకి నేను చచ్చిపోయాను. బాబాయి మళ్ళీ వేలు ఎత్తాడు.

"పెద్దయ్యా," అని ఫోన్ మీదికి వంగి అరిచాను. "అది నేను రాయలేదు!"

అవతల ఎక్కడో కుళాయి కట్టేసినట్టు వినబడింది.

"నువ్వు రాయలేదా?"

"లేదు."

"ఒట్టు?"

"మా అమ్మాయి మీద ఒట్టు."

ఆయన గొంతు సవరించుకోవడం ఆఫీసంతా వింది. "అయితే అది నాది కాదురా బాబూ," అన్నారు. "తను రాయకపోతే అది నాది కాదు."

బాబాయి వేలు గాల్లోనే ఉండిపోయింది. పెద్దాయన ఆగలేదు. "అదంతా చెప్పే కదరా పొద్దున పంపాను! ఎదురుగా నీకు చెప్పలేక, నర్సు ఫోన్లో నా మాటలు రికార్డు చేసి, తడుముకుంటూ నేనే రెండు ముక్కలు కొట్టి ఆవిడ అడ్రసు నుంచి పంపాను. నేను సొంతంగా రాసిన మొదటి మెయిలు అది. అమ్మాయ్, నువ్వు వినలేదా?"

నా టేబుల్ మీద పచ్చకార్డు మెరుస్తోంది. మాస్టారు నేల వైపు చూస్తున్నారు.

తర్వాత మాస్టారు చెమటలు కక్కుతూ లోపలంతా వెతికారు. బాబాయి పార్సిల్ నొక్కిన రోజు నుంచే ఎవడో పెద్దాయన మెయిళ్ళలో దూరి కూర్చున్నాడట. పంపినవన్నీ చదివి, ఆ తీరు పట్టుకుని, ఆయన అడ్రసు నుంచే రాశాడు. అంటే నా తీరు పట్టుకున్నాడు. మెయిళ్ళ తాళాలన్నీ మార్చారు, జాబితా గడప దాటలేదు. బాబాయి నా దగ్గరికి వచ్చి, "అయితే నా మోకాలు ఇన్నేళ్ళూ అడిగింది నువ్వేనా?" అన్నాడు. అవునన్నాను. మోకాలు తడుముకుని, "ఇప్పుడు నొప్పి తగ్గిందిలే" అని చెప్పి వెళ్ళిపోయాడు.

సాయంత్రం నేనే పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆ ఫైల్లో ఏం మాట్లాడారో మళ్ళీ చెప్పమన్నాను. "పన్నెండు నిమిషాలు మాట్లాడానమ్మాయ్. నర్సు ఏడ్చింది. మళ్ళీ అనమంటే ఇప్పుడు రావడం లేదు," అన్నారు. ఆయన నా గురించి తన నోటితో చెప్పిన ఒకే ఒక్క మాట, నా చేత్తో నేనే తుడిపించేశాను. ఫోన్ పెట్టేసి, ఆ పచ్చకార్డుని ముక్కలు ముక్కలుగా చింపాను. అయినా ఏడుపు ఆగలేదు.

శుక్రవారం పదకొండింటికి బాబు పిలిచాడు. టేబుల్ మీద కవరు అలాగే ఉంది. దాని పక్కన ఒక పాత ఫైలు, నిండా ప్రింటు తీసిన కాయితాలు. చూడగానే గుర్తుపట్టాను. బాబు హాస్టల్లో ఉండి చదివిన రెండేళ్ళలో పెద్దాయన పేరుతో వారానికొకటి వెళ్ళినవి. సోమవారం పొద్దున మొదటి పని అదే ఉండేది నాకు.

"ఇవి కూడానా?" అన్నాడు.

అబద్ధం చెప్పే ఓపిక లేదు. "అవును బాబూ."

అతను ఫైలు తెరిచి ఒక కాయితం బయటికి తీశాడు. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించి ఉంది. "రెండో ఏడు చదువు మానేసి వచ్చేస్తానని రాశాను. దానికి వచ్చిన జవాబు ఇది. ఇది చదివి ఉండిపోయాను. ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు." ఒక పెన్సిలు నా వైపు తోశాడు. "ఇందులో ఆయన అన్నవి ఏవో, మీరు కల్పించినవి ఏవో నాకు తెలియాలి. ఆయన మాటల కింద గీత గియ్యండి. మీ ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం."

అక్కడే కూర్చున్నాను. మిగతా కాయితాలు పెద్ద కష్టం కాలేదు. చలికి చెవులు కప్పుకోమన్నది ఆయనే. హాస్టల్ మంచం మీద గోడవైపు పడుకోమన్నది ఆయనే, పడిపోతాడని భయం. చుట్టుపక్కల ఉన్నదంతా నాది. గీతలు గీసుకుంటూ పోయాను, పేజీకి రెండు మూడు వస్తున్నాయి.

టేపు అంటించిన కాయితం దగ్గర పెన్సిలు ఆగిపోయింది. ఆ రోజు నాకు బాగా గుర్తుంది. బాబు రాసింది నేనే ఆయనకి చదివి వినిపించాను. ఆయన "రావద్దని రాయి" అన్నారు. అంతే. అని కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. చాలాసేపు నిలబడ్డారు. మధ్యలో కళ్ళజోడు తీశారు, మళ్ళీ పెట్టుకోలేదు. నేను ఆయన వీపు వైపు చూస్తూ పేజీ మొత్తం రాశాను. "నువ్వు ఓడిపోయి వచ్చినా ఇది నీ ఇల్లే. కానీ భయపడి రాకు" అని అందులో ఉంది. ఆ మాట ఎవరిది? ఆయన అనలేదు. ఆయన అలా నిలబడకపోతే నాకు తోచేదీ కాదు. ఎంతసేపు చూసినా తేలలేదు, ఇప్పటికీ తేలడం లేదు. ఒకటే అనుకున్నాను. గీత గీయని ప్రతి లైను దగ్గరా ఈ పిల్లవాడికి తండ్రి కొంచెం కొంచెం తగ్గిపోతాడు. నాకేం పెరుగుతుంది?

పైనుంచి కిందిదాకా పేజీ మొత్తం గీతలు గీసేశాను.

బాబు దాన్ని అందుకుని చాలాసేపు చూశాడు. "మొత్తం ఆయనదేనా?"

"మొత్తం."

నమ్మాడో లేదో నాకు తెలియదు. కాయితాన్ని జాగ్రత్తగా మడతల వెంబడే మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకని ఉంచిన కవరు తీసి సొరుగులోకి తోసి, కంప్యూటర్ తన వైపు తిప్పుకున్నాడు.

"సోమవారం నుంచి మెయిళ్ళ కింద నాన్నగారి పేరు వద్దక్కా, మీ పేరే పెట్టండి. ఆవిడెవరు, స్టోర్స్ ఆవిడ, ముందు ఆవిడకి రాయండి," అన్నాడు. టైపు చేయబోయి ఆగి, ఇబ్బందిగా నా వైపు చూశాడు. "మీ పేరేమిటక్కా?"

చెప్పాను. మొదటిసారి అతనికి వినపడలేదు, రెండోసారి చెప్పాల్సి వచ్చింది.